చదివేవాళ్ళు వదిలేదాకా

జూన్ 8
నిన్న చర్చి సభలో ప్రసంగిస్తూ అబద్ధమాడే నాలుక మీద నిప్పులు కురిపించాను. ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో నిలబడి, అమ్మాయి ఇంకా రాలేదేం బాబూ అంది. మీ అమ్మాయి చనిపోయింది అత్తయ్యా, మనమే కదా సమాధి చేసి వచ్చాం అన్నాను. మతిమరుపు మనిషి. అయ్యో, నాకెవరూ చెప్పలేదేం అంటూ కూలబడింది. రోజూ అడుగుతుంది. రోజూ చెబుతాను. రోజూ కొత్తగానే ఏడుస్తుంది.

జూన్ 9
సత్యమే చెప్పాను. ఆమె పళ్ళెం ముట్టలేదు.

జూన్ 11, ఆఫీసులో
కెర్నెల్ క్రాష్, సిస్టం గుండెకాయే ఆగింది. నెట్‌వర్కింగ్ కోడ్‌లో నేను చేసిన మార్పే, నా ప్యాచే కారణం. కనెక్షన్ మూయగానే దాని మెమరీని అక్కడికక్కడే ఖాళీ చేసి ఫ్రీ చేశాను, పాపాన్ని క్షణం కూడా ఉంచకూడదన్నట్టు. ఇంకో సీపీయూ అప్పటికీ దాన్ని చదువుతోంది. దాని కాళ్ళకింద నేల లాగేశాను.
టీమ్ లీడ్ నవ్వింది. బోధకుడుగారూ, తీర్పు దినం మీ చేతికిస్తే మమ్మల్ని కాఫీ కూడా తాగనివ్వరండీ అంది. తర్వాత కుర్చీ లాక్కుని చెప్పింది: లిస్టులోంచి తీసెయ్యండి, కొత్తవాళ్ళకి కనబడదు. అప్పటికే పట్టుకుని చదువుతున్నవాళ్ళు వదిలేదాకా మాత్రం ఉంచండి.
నాకు తెలియక కాదు. ఇంకెవరూ చదవడం లేదనుకున్నాను.

జూన్ 12
ప్యాచ్ మార్చాను. క్రాష్ లేదు.
అత్తయ్య అడిగింది. బైబిలు నా చంకలోనే ఉంది. దారిలో ఉంది అత్తయ్యా, వచ్చేస్తుంది అన్నాను. చెప్పిన టైముకి ఎప్పుడొచ్చి ఏడ్చింది గనక అని కూతుర్ని తిట్టుకుంటూ కడుపునిండా తింది.
నేను స్నానాలగదిలో కుళాయి విప్పుకుని ఏడ్చాను.

జూన్ 14, ఆదివారం
సభలో ప్రసంగానికి లేచాను. పాట పాడించి కూర్చున్నాను. నీ మంట ఏమైందయ్యా అని సంఘపెద్ద అడిగాడు.

జూన్ 19
మెమరీ నిండిపోయి ఇంకో మెషిన్ ఆగింది. చదివే ప్రోగ్రాముల్లో ఎవడో ఒక రీడర్ పట్టుకున్నది వదలడం లేదు, వాడి మూలాన ఏదీ ఫ్రీ కావడం లేదు అంది లీడ్. ఆ మొండిఘటాన్ని వెతకండి అని నాకే అప్పజెప్పింది.
ఇంటికొచ్చి మా ఆవిడ బీరువా తెరిచాను. ఖాళీ చేద్దామనే. వాసన పోతుందని మళ్ళీ మూసేశాను.

జూన్ 22
అత్తయ్య అడగడం మానేసింది.
నేనే వెళ్ళి పక్కన కూర్చుని, ఎప్పుడొస్తుంది అత్తయ్యా అన్నాను.
పళ్ళెం నా వైపు జరిపింది. నువ్వు తినెయ్యి బాబూ, దానికి ఆలస్యమయ్యేట్టుంది అంది.