గుండ్ల చేలో గోల్ఫాట

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సెలవు అడుగుదామని వెళ్తే, మా ఇంజనీరుగారు నన్ను గోల్ఫుకు లాక్కుపోయారు. ఆటకు నలుగురు కావాలట, ఒకాయన రాలేదు. డ్యాము పనికి వచ్చిన ఆఫీసర్లు ఈ మధ్యే పెట్టుకున్న క్లబ్బు అది. ఎక్కడనుకున్నావు? గవర్నమెంటు తీసుకున్న మన గుండ్ల చేలోనే.

అరువు బూట్లు కరుస్తుంటే తొమ్మిది గుంతల చుట్టూ తిరిగాను. నేను కర్రతో కొడితే బంతి కదలకుండా మట్టే లేచేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు. తూర్పు గట్టున నువ్వు పోసిన రాళ్ళ కుప్పను అలాగే ఉంచారు. బంతి దాని మీదుగా ఎగరాలట.

కుప్ప దాటాక ఇంజనీరుగారు, "చుట్టూ అంతా రాళ్ళేనయ్యా. ఇక్కడొక్కచోటే దేవుడు చదును చేసి పెట్టాడు" అన్నారు.

"అవునండీ" అన్నాను. పదిహేనేళ్ళు నువ్వు రాళ్ళు ఏరుతుంటే వెనక గంప మోసినవాణ్ణి నేను.

ఆట అయ్యేసరికి జేబు బరువుగా ఉంది. చూస్తే నాలుగు రాళ్ళు. ఎప్పుడు వంగి తీశానో నాకే తెలియదు. "వట్టి చేతుల్తో గట్టెక్కమాకరా, ఒక రాయన్నా తీసుకురా" అనేవాడివి కదా.

నిమ్మసోడా తాగుతూ వాళ్ళు పిలుస్తున్నా వినకుండా వెళ్ళి, ఆ నాలుగూ నీ కుప్ప మీద వేసి వచ్చాను.

"ఏమిటయ్యా అవి?" అన్నారు ఇంజనీరుగారు.

"దేవుడు ఏరడం మరిచిపోయినవండీ" అన్నాను.

నీ తమ్ముడు