అమ్మ గది తలుపు

తమ్ముడు పరశురాంకు, అమ్మ బాగానే ఉంది, ఫికర్ చేయకు.

నిన్న ఎవరో పుట్టినరోజు చేసుకుందామని ఈ నకిరేకల్ వృద్ధాశ్రమానికి వచ్చారు. ఆయా మన అమ్మకు చీర మారుస్తుండగానే అరటిపండ్లతో గదిలోకి వచ్చి ఫొటోలు తీశారు. వాళ్లను తిట్టి బయటికి పంపి, ఫొటోలన్నీ నా కళ్లముందే ఫోన్లలోంచి తీసేయించాను.

"గిట్ల తిడితే దాతలెవరొస్తరక్కా? నచ్చకుంటే మీ అమ్మను తోల్కపో," అన్నాడు మేనేజరు.

"తోల్కపోను. ముందుగాల గీ తలుపుకు గొళ్లెం పెట్టియ్యి," అన్నాను. పండు ఇచ్చినవాళ్లకల్లా ముసలివాళ్ల ఒళ్లు చూసే హక్కు వస్తుందా?

మంచాల మధ్య అడ్డం కట్టడానికి మందపాటి దుప్పట్లు రెండు పంపు. పత్తి ఏరడం అయిందా?

ఇవాళ డాక్టరు వస్తుంటే అమ్మే గట్టిగా అంది: "తలుపు కొట్టి రా సారూ!" ఆదివారం మీరొచ్చినా అంతేనట.

పిల్లలకు దీవెనలు.

మీ అక్క మంజులత