కేకెయ్యకుండా ఇల్లెక్కింది ఎవరు?

మట్టెవాడ,
20-11-1978

ప్రియమైన మీకు,

రాజేశ్వరి రాయునది. ఇక్కడ అంతా క్షేమం అని రాయాలనే ఉంది, కానీ పాపకు దగ్గు పట్టుకుంది. ఉయ్యాల మీది మూలలో పెంకులు పగిలి, తెల్లవారుజామున చలిగాలి సూటిగా దాని మీదికే దిగుతోంది. ఉన్నది ఒకటే గది, ఉయ్యాల ఎటు జరిపినా అదే గాలి. ఇళ్లు కప్పే మొగిలిని పిలిస్తే మూడు రోజుల్లో సర్దేస్తాడు. పిలవమంటారా? షోలాపూర్ మిల్లులో పొద్దస్తమానం మగ్గాల మధ్య తిరిగే మీకు మన ఇంటికి కప్పుందన్న సంగతి గుర్తుందో లేదో!

మీ
రాజేశ్వరి

షోలాపూర్,
27-11-1978

ప్రియమైన రాజేశ్వరికి,

మొగిలిని గడప తొక్కనివ్వకు. వాడు ఒక పెంకు మార్చి, పక్కనున్న రెండింటిని మడమతో నొక్కి దిగుతాడు, మళ్లీ ఏడాది పిలుస్తామని. పోయిన చలికాలం ఆ మాట వాడి మొహం మీదే అన్నాను కదా. ఆ మూల నేనే ఎక్కి గంటలో సర్దేశాను. పది రోజుల్లో సెలవు పెట్టి వస్తున్నాను. అంతవరకు పాపకు గొంగడి కప్పు. పరాయివాడు ఇంటి మీది నుంచి లోపలికి తొంగిచూడడం నాకు ఇష్టం లేదు.

నీ
సారంగపాణి

షోలాపూర్,
28-12-1978

రాజేశ్వరికి,

సెలవు దొరకలేదు. ఆ సంగతి రాయడం ఆలస్యమైంది, ఒప్పుకుంటాను. కానీ నువ్వు ఒక్క ముక్క రాయకపోవడమేమిటి? ఎదురింటి సారయ్య బాబాయి ఎవరిదో పెళ్లికని ఇక్కడికి వచ్చాడు. చాయ్ తాగుతూ ఏమన్నాడో తెలుసా? "మీ ఇంటి మీద మూడు దినాలు పట్టపగలు ఎవడో తిరిగిండురా. నీలం అంగి, నెత్తికి తువ్వాల. ఒక్కనాడన్న కేకెయ్యలే."

మన వాడలో మగవాడెవడైనా "ఇల్లెక్కుతాన్నమ్మో" అని చుట్టూ నాలుగిళ్లకు వినపడేలా అరిచాకే నిచ్చెన మీద కాలు పెడతాడు, పెరళ్లలో ఆడవాళ్లు స్నానాలు చేస్తుంటారు కనుక. మొగిలి అయినా అరుస్తాడు. అరవని వాడెవడు? మూడు రోజులూ నువ్వెందుకు ఊరుకున్నావు? నాకు కంటి మీద కునుకు లేదు. ఎవడో పేరుతో సహా వెంటనే రాయి.

సారంగపాణి

మట్టెవాడ,
3-1-1979

ప్రియమైన మీకు,

ఎక్కింది నేను.

పది రోజులు మీ కోసం చూశాను. పదకొండోనాడు పాపకు ఎగపోత పట్టి ఊపిరాడలేదు. దవాఖానలో డాక్టరమ్మ "మల్ల చలిగాలి తగిలిందో, పిల్ల నీకు దక్కదు" అంది. అటు నుంచి అటే, మీ మాట కాదని, మొగిలి ఇంటికి పోయాను. "నన్ను దొంగను చేసినోని ఇల్లు నేనెక్క చెల్లే" అన్నాడు. చంకలో పాపను చూసి మళ్లీ ఆయనే పిలిచాడు. "జర ఆగు, పని చెప్త. కాలు పెంకు మీద గాదు, వాసం మీద పెట్టు. మీదినుంచి ఇప్పుకుంట రా, కిందినుంచి పేర్చుకుంట పో."

చీర గోచీ పెట్టి, మీద మీ నీలం చొక్కా వేసుకుని, తలకు తువ్వాల చుట్టి ఎక్కాను. మొదటిరోజు భయంతో ఏడ్చాను కూడా. పక్కింటి యాకమ్మత్త పెరట్లోంచి పెంకులందించింది, వాళ్ల కోడలు పాపను ఎత్తుకుంది. కేకెయ్యాల్సింది మగవాళ్లు. ఆడదాన్ని, నేనెవరి కోసం అరవాలి?

మొగిలి కప్పిన వైపు ఒక్క పెంకూ చెక్కుచెదరలేదు. పగిలినవన్నీ మీరు కాలు పెట్టిన మూలలోనివే. ఇదంతా మీరొచ్చి చూసి మెచ్చుకుంటారని రాయకుండా దాచుకున్నాను. నాదే తెలివితక్కువ.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎవడు, ఎవడు అనే అడిగారు. పాప దగ్గు తగ్గిందా అని ఒక్కచోట కూడా అడగలేదు.

తగ్గింది.

రాజేశ్వరి