పదకొండో గడి

5-10-2003, ఉదయం 6.00
మా పెదపాడు గుడిలో సమాధుల పండుగనాడు చదివే మృతుల జాబితా ఇరవై రెండేళ్ళుగా నా చేతిరాతే. ఈ ఏడు కంప్యూటరు మీద తీయిద్దామన్నారు ఫాదర్‌గారు. తీయించడమెందుకు? నేనే సి భాష నేర్చుకొని ప్రోగ్రాము వ్రాస్తాను. ఈసారి జాబితాలో స్నేహలత పేరు కొత్తగా చేరుతున్నది. నా భార్య పేరు పరాయివారు వ్రాయరాదు.
నియమాలు: రోజుకు రెండు గంటలు. ఎవరి సాయమూ తీసుకోరాదు.

9-10
ఏలూరు కంప్యూటరు సెంటరులో చేరాను. బోధకురాలు ఇందుజ, ఏడవ తరగతిలో నా శిష్యురాలు. మృతుల పేరుకు పది గళ్ళు; ఆనుకొని, కొవ్వొత్తి వెలిగించే బంధువు పేరుకు పది, అది లెక్కకే; చదివే కాగితం మీద మృతుల పేర్లే అచ్చవ్వాలి. గడికొక ఇంగ్లీషు అక్షరం.

14-10
“పదకొండు పెట్టండి మాస్టారండీ. చివర సున్నా ఉంటేనే పేరు అయిపోయిందని దానికి తెలుస్తుందండీ. లేకపోతే పక్క గళ్ళు కూడా చదివేస్తుంది.”
“కనిపించని సున్నాకు గడి వృథా అమ్మా.”
“మీ ఇష్టమండీ. బళ్ళోనూ మీరింతేనండీ.”
జాబితాలోని మధుబాబు పేరుతో పరీక్షించాను. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు. చక్కగా వచ్చింది. ఆమెకు రెండుసార్లు చూపించాను.

22-10
వాన. కొల్లేటి నీరు రోడ్డెక్కింది. బస్సు రాలేదు.

24-10
బస్సు వచ్చింది. నేను వెళ్ళలేదు.

1-11, సాయంత్రం 5.30
కరెంటు నాలుగున్నరకు గాని రాలేదు. ముప్ఫైయొక్క పేర్లు ఎక్కించాను. చివరిది స్నేహలత, బంధువు జాకబ్, అనగా నేను. బస్సు 5.40కి. అచ్చయిన కాగితం సరిచూడలేదు. నా పనిలో తప్పులుండవు.

2-11
సమాధుల మధ్య ఫాదర్‌గారు పేరు పేరునా చదివారు. ఒక్కొక్క కొవ్వొత్తి వెలిగింది. చివరకు, “స్నేహలత. జాకబ్.”
ఆగి, నా వైపు చూశారు. “మాస్టారూ, మీరిక్కడే ఉన్నారు కదండీ?”
మా మరదలు మరియమ్మ అగ్గిపెట్టె తీసింది. “బావగారూ, మీది కూడా వెలిగించేద్దామాండీ?”
అందరూ నవ్వారు. స్నేహలత సమాధి దగ్గర, ఆమె మొదటి పండుగనాడు.
ఇక కంప్యూటరు ముట్టను. జాబితా ఎవరైనా వ్రాసుకోవచ్చు.

3-11, ఉదయం 6.00
వ్రేళ్ళమీద లెక్కించాను. స్నేహలత ఇంగ్లీషులో సరిగ్గా పది అక్షరాలు. సున్నాకు చోటు లేక, యంత్రం ఆగకుండా నా పేరులోకి వచ్చింది.
నియమాలు, సవరించినవి: రోజుకు రెండు గంటలు. ఇందుజ చెప్పేది సాయం కాదు, పాఠం. పేరుకు పదకొండు గళ్ళు.
ఆమె పేరు పక్కన నా పేరు చదివే రోజు ఎలాగూ వస్తుంది. దానికి ప్రోగ్రాము తొందరపడనక్కరలేదు.
మొదటి బస్సు 7.15కి.