కుర్చీ ఎందుకు ఆగిందంటే

ఈ డైరీ చదవబోయే మహాశయులకు, వారి వంశీకులకు, లోకంలోని సకల ప్రాసెసర్లకు శిరసు వంచి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. ఇందులో జరిగిన ప్రతి ఘోరానికీ బాధ్యత వాతావరణానిది, ఆఫీసు కాఫీ మెషీనుది, నాకంటే ముందు ఈ సీట్లో కూర్చున్నవాడిది. నేను కేవలం లేఖకుణ్ణి.

గురువారం, ఉదయం 8.10

ప్రతిజ్ఞ!

ముందు సంగతి చెప్పాలి. మా కంపెనీ బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీలు చేస్తుంది. కుర్చీ బుర్రలో ఉండే ప్రోగ్రాం రాసేది నేను. ట్రయల్ కుర్చీ మా బాబాయి దగ్గరుంది. నేనుండేది బాబాయి, పిన్నిల ఇంట్లోనే.

ప్రోగ్రాం తనది కాని మెమరీ అడ్రస్ జోలికి వెళ్లిందనుకోండి, ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. దీన్నే హార్డ్ ఫాల్ట్ అంటారు. కుర్చీ ఉన్నచోటే కొయ్యబారిపోతుంది. నిన్న సరిగ్గా రోడ్డు మధ్యలో కొయ్యబారింది. వెనక బస్సు. బస్సులో నలభై మంది సలహాదారులు.

పిన్ని తీర్పు: "ఇంకొక్కసారి ఇలా ఆగిందా, మీ బాబాయి ఒంటరిగా గడప దాటడు. వచ్చే శనివారం చదరంగం పోటీ లేదు, గీటీ లేదు."

కాలు పోయిన రెండేళ్ల తర్వాత బాబాయి ఒక్కడే వెళ్లబోయే మొదటి చోటు ఆ చదరంగం క్లబ్బు.

కాబట్టి, ఇకనుంచి ఆఫ్ చేసి, ఆన్ చేసి, చేతులు దులుపుకోవడం బంద్. ఏ అడ్రస్ దగ్గర తప్పు జరిగిందో కుర్చీయే గుర్తుపెట్టుకునేలా ప్రోగ్రాం రాస్తాను. వచ్చిన ప్రతి ఫాల్టునూ చదువుతాను.

కావలసినవి: కొత్త నోటుబుక్కు. మూడు రంగుల పెన్నులు. ప్రాసెసర్ మాన్యువల్, పన్నెండు వందల పేజీలు. ఉక్కు సంకల్పం (స్టాకు ఉంది).

శుక్రవారం, రాత్రి భోజనానికి ముందు

మాన్యువల్ పద్నాలుగు పేజీలు పూర్తి! విషయసూచిక ఇంత ఆసక్తికరంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదేం?

"ఎంతవరకొచ్చింది?" అని ఆఫీసులో మా టీం లీడ్ మేడమ్.

"పునాది పడింది మేడమ్."

పునాది అంటే నోటుబుక్కుకి అట్ట వేశాను.

ఆదివారం, సాయంత్రం 5

వెనకాలే నడుస్తున్నాను. పార్కు గేటు దగ్గర కుర్చీ ఆగింది. పరిగెత్తాను.

"హారన్ నొక్కగానే ఆగిందిరా. రాసుకో" అన్నాడు బాబాయి.

నోటుబుక్కు ఆఫీసులో ఉంది. ఆదివారం ఉక్కు కూడా విశ్రాంతి తీసుకుంటుంది. ఆఫ్. ఆన్. నడిచింది.

"పిన్నికి చెప్పకు బాబాయ్."

"నేను చెప్తానా? నీ మొహమే చెప్పేస్తుంది. అటు తిప్పుకో."

సెలవురోజు ఫాల్టు లెక్కలోకి రాదు.

మంగళవారం, మధ్యాహ్నం 2.30

ప్రతిజ్ఞ ముందుకు కదలకపోవడానికి కారణాలు:
ఎర్ర పెన్ను ఇంకు అయిపోయింది.
నిన్న మీటింగు. ఆ మీటింగు ఎందుకో తెలుసుకోవడానికి ఇంకో మీటింగు.
బాబాయి చెప్పిన హారన్ సంగతి. హారన్‌కీ మెమరీకీ ఏం సంబంధం? పెద్దవాళ్లు అలాగే అంటారు.

బుధవారం, సాయంత్రం 5.40

శనివారానికి మూడు రోజులు. ఒక తాత్కాలిక ఏర్పాటు చేశాను. వివరాలు అనవసరం. ఇకమీదట ఫాల్టు వస్తే కుర్చీ అరసెకనులో తనంతట తానే తేరుకుంటుంది. చిన్న కుదుపు, అంతే.

"కారణం దొరికిందా?" అని మేడమ్.

"దారిలో ఉంది మేడమ్."

"ఏ దారి?"

కాఫీ మెషీను వైపు దారి పట్టాను.

గురువారం, సాయంత్రం 6

విజయం! బాబాయి వీధిలో నాలుగు చక్కర్లు కొట్టాడు. ఎక్కడా ఆగలేదు. రెండుసార్లు కుదుపు.

"ఏంట్రా ఇది, వెక్కిళ్లా?"

"రాయెక్కింది బాబాయ్."

పిన్ని కూడా నవ్వింది. నోటుబుక్కు అవసరమే రాలేదు చూశారా!

శుక్రవారం, సాయంత్రం 6.15

రాయాలని లేదు.

బాబాయి సందులో వెళ్తున్నాడు, వెనక నేనూ పిన్నీ. ఎదురుగా సైకిలు. హారన్ నొక్కాడు. కుదుపు. కుర్చీ నిలబడింది. జాయ్‌స్టిక్ వదిలేశాడు. వదిలేయగానే కుర్చీ వెనక్కి బయల్దేరింది! నేరుగా వెళ్లి పక్కింటివాళ్ల పూలకుండీల మీద పడింది. రెండు కుండీలు గోవిందా. బాబాయికి మోచెయ్యి గీసుకుంది.

"మా గేటు ఇటుందండీ" అంది పక్కింటావిడ, కిటికీలోంచి.

నాకు అక్కడే అర్థమైపోయింది. కుదుపు తర్వాత నిద్రలేచిన క్షణాన జాయ్‌స్టిక్ ఎక్కడుంటే అదే నడిమధ్య, అంటే ఆగి ఉండాల్సిన చోటు, అనుకుంటుంది కుర్చీ. అది లేచేసరికి బాబాయి ఇంకా ముందుకే తోస్తున్నాడు. వదిలేసరికి, వెనక్కి లాగుతున్నాడనుకుంది.

"చెయ్యి గానీ వణికిందా ఏంటండీ?" అని పిన్ని బాబాయిని అడిగి, నావైపు చూసింది.

నేను కుండీల వైపు చూశాను.

"అయ్యుండొచ్చు పిన్నీ" అన్నాను.

పిన్ని కుర్చీ తాళం తీసి తన సంచిలో వేసుకుంది.

శనివారం, ఉదయం 9.15

బాబాయి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. చేతిలో నిండు గ్లాసు. చెయ్యి చాచి పట్టుకున్నాడు. ఎప్పటినుంచి పట్టుకున్నాడో.

"చూడరా. వణుకుతోందా?"

నీళ్లు కదల్లేదు.

"నాకు తెలియకుండానే వణుకుతుందేమోరా. మీ పిన్ని సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్దామంటోంది. క్లబ్బుకి రానని ఫోన్ చేసేయ్, నువ్వే."

ఫోన్ చేయలేదు. ఆఫీసుకి పరిగెత్తాను.

మధ్యాహ్నం 1.30

ప్రతిజ్ఞ. మొదటి రోజు.

ఈసారి జాబితా లేదు. ఫాల్టు వస్తే చదవడం. అంతే. తాత్కాలిక ఏర్పాటు పీకేశాను. అడ్రస్ గుర్తుపెట్టుకోవడానికి ఎనిమిది లైన్లు పట్టింది. మాన్యువల్లో దానికి మూడే పేజీలు. జాయ్‌స్టిక్ వదిలేస్తే తప్ప కుర్చీ లేవకుండా ఇంకో రెండు లైన్లు. హారన్‌కి ఒక్కోసారి ఎందుకు ఆగుతోందో ఇంకా తెలీదు; ఇవాళ కుర్చీ ఆగితే ఆగుతుంది, వెనక్కి మాత్రం పోదు. ఆఫీసులో ఉన్న ఇంకో కుర్చీ మీద వందసార్లు ఆపి చూశాను. సరే, ఇరవై మూడు సార్లు.

మధ్యాహ్నం 3.30

కొత్త ప్రోగ్రాం బాబాయి కుర్చీలోకి ఎక్కించి, వంటింట్లో పిన్నికి, అవతల బల్ల దగ్గరున్న బాబాయికీ వినబడేలా, మొత్తం చెప్పేశాను. స్టవ్ కట్టేసింది.

"అంటే నిన్నట్నుంచీ ఆయన తన చెయ్యి చూసుకుంటూ కూచుంటే, నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

పిన్ని తన సంచిలోంచి తాళం తీసుకెళ్లి బాబాయి చేతిలో పెట్టింది. నాతో, "క్లబ్బుదాకా నువ్వు పక్కనే నడువు. ఆగితే తోయాల్సింది నువ్వే" అంది.

"తోయక్కర్లేదులే" అన్నాడు బాబాయి. "ఎందుకాగిందో చదివి చెప్పమను, చాలు."

మధ్యాహ్నం 3.50

బాబాయి గేటు దగ్గర హారన్ మీద హారన్ కొడుతున్నాడు. వెళ్లాలి. ఒక్కటి రాసి వెళ్తాను.

నిన్నటిదాకా, ఈ తొమ్మిది రోజుల్లో, నేను ఒక్క ఫాల్టూ చదవలేదు. నిజంగా చేసిన పని ఒక్కటే. బుధవారం సాయంత్రం, ఫాల్టు వస్తే ఏమైందని అడక్కుండా కుర్చీని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టమని ఒక్క లైను రాశాను. కుండీల మీదికి తీసుకెళ్లింది ఆ లైనే. బాబాయి చెయ్యి కాదు.