ఏడో అంతస్తులో గది

ఆదివారం, పడుకోబోయే ముందు

పిల్లలకు రైడ్ల పార్కు చూపించడానికి అందరం వెళ్తున్నాం. దాని పక్కనే కోడలు హోటలు చూసింది.

"ఏడో అంతస్తు అత్తయ్యా. బాల్కనీలోంచి పార్కంతా కనపడుద్ది" అంది.

మూడేళ్ల మనవరాలు నిద్రలో లేచి నడుస్తుంది కదా.

"కింద గది చూడమ్మా" అన్నాను. కింది గదుల ముందే ఈతకొలను ఉందట.

"నా చిన్నప్పుడు మిరపకల్లంలో పడుకుంటే నన్ను కొంగుకు కట్టేసుకునేదానివిగా! ఎక్కడికన్నా పోయానా?" అని అబ్బాయి నవ్వాడు. ఏడో అంతస్తే ఖాయం చేశారు.

ప్రయాణానికని తీసిపెట్టుకున్న పట్టుచీర మళ్లీ బీరువాలో పెట్టేశాను. పట్టుకు ముడి నిలవదు. మంగళగిరి నూలు చీరలు రెండు సంచిలో సర్దాను. పిల్ల కదిలితే కొంగు లాగుతుంది, నాకు మెలకువ వస్తుంది. అసలు నేను నిద్రపోతే కదా...