సుజాత సైటేషన్ల లెక్క

దయాల్‌బంద్, బుధవారం రాత్రి

సుజాత ప్రమోషన్ ఫైలు పరిశీలించే పని నా నెత్తినే పడింది. ఇద్దరం ఒకే గైడు దగ్గర ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో పీహెచ్‌డీ చేశాం. ఇప్పుడు తన పరిశోధనను ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కించి, తనను తానే పేర్కొన్నవి కొట్టేయాలి.

అవి సగమైనా ఉంటాయని ఆశపడ్డాను. రెండే దొరికాయి. మనసొప్పక మిగతావన్నీ ఒక్కొక్కటే తెరిచాను.

అమ్మ టీ తెచ్చింది. "ఏట్రా, సంబంధం సూసినట్టు ఆ పిల్ల కాగితాలు అలా సూస్తన్నావు?"

"ఆఫీసు పనమ్మా."

జాబితాలో ఒక పేరు మళ్ళీ మళ్ళీ వస్తోంది. నాదే. రైలు టికెట్ల రద్దు మీద నేను రాసిన ప్రతి పేపర్లోనూ తన పద్ధతే వాడాను, తన పేరే పెట్టాను. తన పేపర్లలో నా పేరు వెతికాను. ఒక్కచోట కూడా లేదు.

నావి తీసేస్తే తన లెక్క బాగా తగ్గుతుంది. మొదటిదాని మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టేశాను కూడా. పక్కనే 'తొలగించడానికి కారణం' అని గడి ఉంది.

అమ్మ కప్పు తీసుకెళ్తూ ఆగింది. "ఆ పిల్ల బాగా రాస్తాదేట్రా?"

"రాస్తాది."

"అచ్ఛా," అని వెళ్ళిపోయింది.

అచ్చులో ఇన్నిసార్లు ఒప్పుకున్నాను గానీ, నోటితో ఒప్పుకోవడం ఇదే మొదలు. గీత అలాగే ఉంది. గడి ఇంకా ఖాళీగానే ఉంది.